కేప్ కోస్ట్ వీధుల్లో రోజంతా తినడం ఎలా?

మొదటి రోజు ఉదయం ఆరింటికే లేవండి. ఘానాలోని కేప్ కోస్ట్ భూమధ్యరేఖకి ఐదు డిగ్రీల పైనే ఉంది. ఏడాది పొడవునా ఆరు ప్రాంతంలో తెల్లవారుతుంది, ఆరు ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది. ఊరి తిండి కూడా ఆ వెలుతురుతోనే నడుస్తుంది. ఆరున్నరకి దొరికిన జావ తొమ్మిదింటికి దొరకదు. మధ్యాహ్నం వేడివేడిగా పెట్టిన ఫుఫు ముద్ద కోసం రాత్రి ఎనిమిదికి వెళితే గిన్నెలు బోర్లించి ఉంటాయి. కొత్తగా వచ్చిన మనవాళ్ళు "ఇక్కడ తినడానికి ఏమీ ఉండదండీ" అనడం చాలాసార్లు విన్నాను. ఉండక కాదు, వేళ తప్పి వెళ్ళడం వల్ల ఆ మాట వస్తుంది. ఇక్కడ ఒక్కో వంటకానికి ఒక్కో వేళ, ఒక్కో మూల, ఆ మూలన కూర్చునే ఒక అమ్మ ఉంటారు. ఈ మూడూ తెలిస్తే మీరు ఆకలితో పడుకోరు. అందుకే పొద్దున్నుంచి రాత్రిదాకా వరసగా చెబుతాను.

ఊరి గురించి రెండు ముక్కలు. రాజధాని అక్రా నుంచి పడమరగా సముద్రం వెంబడి సుమారు 145 కిలోమీటర్లు వస్తే కేప్ కోస్ట్. 1877లో అక్రాకి మారేదాకా, అప్పట్లో ఘానాకి పేరైన బ్రిటిష్ గోల్డ్ కోస్ట్‌కి ఇదే రాజధాని. ఊరివాళ్ళు దీన్ని ఒగువా అంటారు, మాట్లాడేది ఫాంటే. ఊరి గుర్తు పీత. పెద్ద మార్కెట్ పేరు కొటోకురాబా, ఆ పేరులోనూ పీతే ఉంది.

గడప దాటే ముందు

ముందు పలకరింపు నేర్చుకోండి, తర్వాతే వంటకాల పేర్లు. పొద్దున "మాచే", మధ్యాహ్నం "మాహా", సాయంత్రం "మాజో". ధన్యవాదానికి "మెదాసే". అమ్మే మనిషి ముందు నిలబడి నేరుగా "అది ఇవ్వండి" అంటే ఇస్తారు కానీ మొహం ముడుచుకుంటుంది. "మాచే, ఆంటీ" అని, ఒక్క క్షణం ఆగి, ఆమె బదులు చెప్పాక అడగండి. వయసులో పెద్దావిడైతే "మామే" అనవచ్చు, అంటే అమ్మ. నలుగురు కూర్చుని ఉంటే కుడివైపు చివర ఉన్నవారితో మొదలుపెట్టి ఎడమవైపుకి పలకరిస్తూ పోవాలి. ఇంగ్లీషు దాదాపు అందరికీ వచ్చు, కాబట్టి భాష గురించి టెన్షన్ అక్కర్లేదు. ప్రతి మాటకీ ముందు "ప్లీజ్" చేర్చడం మాత్రం ఇక్కడి మర్యాద.

డబ్బు ఇచ్చినా, పొట్లం అందుకున్నా, ముద్ద తిన్నా కుడిచేత్తోనే. ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే కుడిచేతిలో సంచి, ఎడమచేతిలో ఫోన్ ఉన్నప్పుడు తెలియకుండానే ఎడమచేత్తో నోటు చాపేస్తాం. సంచి కింద పెట్టి ఇవ్వండి.

చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. ఇక్కడి డబ్బు సెడీ, వంద పెసెవాలు ఒక సెడీ. పొద్దున్నే పెద్ద నోటు తీస్తే జావ అమ్మే ఆవిడ చిల్లర కోసం పక్క కొట్లకి పిల్లని పంపాలి, ఆలోగా వరస పెరిగిపోతుంది. ఫోన్‌తో చెల్లించే మోమో చాలాచోట్ల నడుస్తుంది. 2007 జూలైలో పదివేల పాత సెడీలని ఒక కొత్త సెడీగా మార్చారు. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు మార్కెట్‌లో పెద్దవాళ్ళు పాత లెక్కే చెబుతూ వచ్చారు. ఎవరైనా "పదివేలు" అంటే కంగారు పడకండి, ఒక్క సెడీ అడుగుతున్నారు. ధరలు నేను రాయడం లేదు. 2022 చివర్లో ఇక్కడ ద్రవ్యోల్బణం 50 శాతం దాటింది. అలాంటి చోట ఇవాళ రాసిన ధర రేపటికి పనికిరాదు.

ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేనిదే ఘానాలోకి రానివ్వరు. తిరిగి ఇండియాకి వెళ్ళేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అదే అడుగుతారు, పాస్‌పోర్టుతో కలిపి దాచండి.

ఆరున్నర: కోకో, కోసే

మనవాళ్ళు ఎవరు వచ్చినా నేను ముందు ఇక్కడికే తీసుకెళతాను. కోకో అంటే చాక్లెట్‌లో వేసేది కాదు. సజ్జల్ని నానబెట్టి, అల్లం, లవంగం, మిరియం లాంటి ఘాటు దినుసులతో కలిపి మర పట్టించి, పులియబెట్టి కాచిన జావ. ఉత్తరాది నుంచి వచ్చిన హౌసా అనే తెగవాళ్ళ వంట కాబట్టి హౌసా కోకో అంటారు. జోంగో, అంటే ఉత్తరాది ముస్లిం కుటుంబాలు ఉండే పేట, దాని చుట్టుపక్కల దొరికేది బాగుంటుంది. మన ఇళ్ళలో అంబలి తాగినవాళ్ళకి మొదటి గుక్కలోనే ఆ పులుపు తెలిసిపోతుంది. అల్లం ఘాటు మాత్రం కొత్త.

పక్కనే మరో మూకుడులో కోసే వేగుతూ ఉంటుంది. అలసందల్ని నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి నూనెలో వేస్తారు. బొబ్బర్ల గారెలంటే ఇష్టమున్న మనిషికి ఇంకేం చెప్పాలి? చిల్లు ఉండదు, కొంచెం మెత్తగా ఉంటుంది, అంతే తేడా.

కొనే పద్ధతి ఇది. వరసలో నిలబడి, పలకరించి, ఎంత డబ్బుకి కావాలో చెప్పండి. "ఎంత?" అని మీరు అడగడం కాదు, "ఇంతకి ఇవ్వండి" అని మీరే చెప్పాలి. కోకోకి ఇంత, కోసే ఇన్ని. ఆవిడ సొరబుర్ర గరిటెతో తీసి పాలిథిన్ సంచిలో పోసి, పంచదార వేసి, మూతి ముడివేస్తారు. జనం సంచి మూల కొరికి తాగుతారు. మరిగే జావ పల్చటి ప్లాస్టిక్‌లో పోయడం నాకు ఇష్టం ఉండదు, మూత ఉన్న స్టీలు గ్లాసు తీసుకెళతాను. మీరూ అదే చేయండి. గ్లాసు తెచ్చిన మనిషిని వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు, కాస్త ఎక్కువే పోస్తారు. పంచదార వద్దంటే ముందే చెప్పండి, లేకపోతే చెంచాలకి చెంచాలు పడుతుంది.

టీ కావాలంటే ఒక మాట. ఇక్కడ "టీ" అన్నది వేడిగా తాగే దేనికైనా పేరు, మైలో అనే చాక్లెట్ పొడి కలిపి ఇచ్చినా అది టీయే. డబ్బా పాలు పోస్తారు. మన చాయ్ మాత్రం ఇంట్లో కాచుకోవాల్సిందే. పక్కనే అమ్మే బోఫ్రోట్ తీసుకోండి. ఈస్ట్ వేసి పులియబెట్టిన మైదా ఉండ, జాజికాయ వాసనతో, మైసూరు బజ్జీ అంత గుండ్రంగా ఉంటుంది. తియ్యటిది, పొద్దున వేడిగా తింటేనే రుచి.

ఎనిమిది నుంచి: వాచే

రంగు చూసి భయపడకండి. అన్నం, అలసందలు కలిపి ఉడికించేటప్పుడు ఎండిన జొన్న ఆకుల తొడుగులు వేస్తారు. ఎర్రటి గోధుమరంగు వాటినుంచే వస్తుంది. వాచే అమ్మే చోట పెద్ద గిన్నె ఒకటే ఉండదు, చుట్టూ పది చిన్న గిన్నెలు ఉంటాయి. అన్నం పెట్టాక ఆవిడ ఒక్కో గిన్నె మీద గరిటె ఆపి మీ వంక చూస్తారు. షిటో అంటే నల్లటి కారం. గారీ అంటే వేయించిన కర్రపెండలం రవ్వ. తాలియా అంటే సేమ్యాలాంటి స్పగెట్టీ. తర్వాత ఉడికించిన గుడ్డు, చేప, వేలే అనే పశువు తోలు, టమాటా గ్రేవీ. తల ఊపిన ప్రతిదానికీ డబ్బు కలుస్తుంది. ముందు అన్నం ఎంతకి కావాలో చెప్పి, తర్వాత "గారీ, గుడ్డు, చాలు" అని ఆపండి. వేలే తోలు వద్దనుకునేవాళ్ళు ముందే చెప్పాలి, చూడటానికి అది కూరముక్కలాగే ఉంటుంది.

ఆకులో చుట్టి ఇవ్వమనండి. చాలాచోట్ల వెడల్పాటి పచ్చి ఆకు ఉంటుంది. ఆకు వాసన వేడి అన్నానికి పట్టి, అరటాకులో భోజనం గుర్తొస్తుంది. వాచే బాగా కడుపు నింపుతుంది. పదిన్నర తర్వాత మంచి చోట్ల గిన్నె అడుగు కనిపిస్తుంది.

మొదటి వారం పచ్చి సలాడ్ వద్దనండి. ఎక్కడ వరస పొడుగ్గా ఉందో, ఎక్కడ గిన్నె మీద ఆవిరి కనిపిస్తోందో అక్కడే తినండి. నా కడుపుని ఇన్నాళ్ళు కాపాడింది ఈ రెండు నియమాలే.

దాహం వేస్తే

ప్యూర్ వాటర్ అంటే అర లీటరు నీళ్ళ సంచి. ఆడపిల్లలు, కుర్రాళ్ళు తలమీద తొట్టెలో పెట్టుకుని తిరుగుతారు. పిలవాలంటే పళ్ళ మధ్యనుంచి "త్‌స్‌స్" అనాలి. మన దగ్గర ఎవరినైనా అలా పిలిస్తే తిట్టు తినాలి, ఇక్కడ అదే పద్ధతి. సంచి మీద అచ్చు స్పష్టంగా ఉందో లేదో, సీలు గట్టిగా ఉందో లేదో చూసి, మూల తుడిచి, పంటితో చించి తాగండి. ఇంటికైతే ముప్పై సంచుల మూట కొనండి, పదిహేను లీటర్లు వస్తాయి.

సోబోలో మాత్రం వదలకండి. ముదురు ఎరుపు రంగులో చల్లగా సీసాల్లో అమ్ముతారు. అది మన గోంగూరే! ఎర్ర గోంగూర జాతి మొక్కకి పువ్వు రాలాక మిగిలే ఎర్రటి రేకుల్ని ఎండబెట్టి, అల్లం, లవంగాలు, కొందరు అనాసపండు చెక్కు కూడా వేసి కాచి చల్లారుస్తారు. మార్కెట్‌లో ఎండు రేకులు విడిగా దొరుకుతాయి. నానబెట్టి, ఎండుమిర్చి, వెల్లుల్లితో నూరి, నూనె పోపు పెడితే గోంగూర కాయల పచ్చడికి చాలా దగ్గరగా వస్తుంది. ఊరు మీద బెంగ పెట్టుకున్న ఒక కుర్రాడికి ఆ పచ్చడి పెడితే అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఘానా ఉత్తరాన గోంగూర ఆకు కూడా వండుతారు.

దారిలో నారింజలు కూడా చూడండి. పైచెక్కు పల్చగా గీసేసి, తెల్లటి తొక్క అలాగే ఉంచి, పైన చిన్న మూత కోసి ఇస్తారు. పిండుకుంటూ రసం పీల్చేయడమే, తొనలు ఒలిచే పని లేదు. "పేర్" అని అమ్మేది బేరిపండు కాదు, అవకాడో.

పది నుంచి పన్నెండు: మార్కెట్

కొటోకురాబా మార్కెట్‌లో కిలో తూకం కంటే కొలత డబ్బానే ఎక్కువ. గారీ, బియ్యం, అలసందలు, మొక్కజొన్న "ఒలొంకా" అనే పెద్ద డబ్బాతో కొలుస్తారు. మానిక, తవ్వ, సోల తెలిసిన ఇళ్ళలో పెరిగినవాళ్ళకి అలవాటు పడటం క్షణం పని. డబ్బా పైన గోపురంలా పోస్తున్నారా, అంచుకి చదును చేస్తున్నారా అన్నది చూడండి, అసలు బేరం అక్కడుంది. టమాటాలు, మిరపకాయలు, ఉల్లిపాయలు చిన్న చిన్న కుప్పలుగా పేర్చి ఉంటాయి, కుప్పకి ధర. ధర మీద గట్టిగా గుంజకండి. కొన్నాక నవ్వుతూ "ఆంటీ, డ్యాష్ మీ" అనండి. డ్యాష్ అంటే కొసరు. ఒక మిరపకాయో, ఒక ఉల్లిపాయో పడుతుంది. బేరం ఆడి తగ్గించిన ధర కంటే ఆ కొసరు వల్లే మళ్ళీ మళ్ళీ అదే మనిషి దగ్గరికి వెళతాం.

మనకి తెలిసిన సరుకులే చాలా ఉంటాయి, పేర్లే వేరు. కొంతొమిరే అంటే చేమ జాతి ఆకు, బాగా ఉడికించి తినాలి, లేకపోతే గొంతు దురద. యామ్ అంటే పెండలం, కానీ మనిషి తొడంత ఉంటుంది. పోనా రకం అడగండి, పిండిగా ఉడుకుతుంది. కసావా మన కర్రపెండలం. ప్లాంటేన్ కూర అరటి, పచ్చిదీ పండినదీ రెండూ వంటకే. గుండ్రటి చిన్న వంకాయల్ని గార్డెన్ ఎగ్స్ అంటారు, గుత్తివంకాయకి బ్రహ్మాండంగా పనికొస్తాయి. గుండ్రంగా ముడతలతో ఉండే మిరపకాయ విషయంలో జాగ్రత్త. కారం తినడంలో మనల్ని మించినవాళ్ళు లేరన్న ధీమాతో గుప్పెడు వేయకండి. కూరకి ఒక్కటి చాలు.

ఒకరు "ఐ యామ్ కమింగ్" అని చెప్పి అవతలికి వెళ్ళిపోతే తికమక పడొద్దు. మనం "వెళ్ళొస్తా" అన్నట్టే, ఇప్పుడే వస్తానని అర్థం. కొట్టు దగ్గరే నిలబడండి.

ఒంటిగంట: చాప్ బార్‌లో ఫుఫు

మధ్యాహ్నం దగ్గరపడుతుంటే వీధుల్లోంచి దబ్ దబ్ అని ఒక చప్పుడు వినిపిస్తుంది. నిలువెత్తు రోకలితో ఒకరు నిలబడి దంచుతుంటే, రోలు పక్కన కూర్చున్న ఇంకొకరు రోకలి లేచిన ప్రతిసారీ ముద్దని చేత్తో తిప్పుతూ ఉంటారు. ఉడికించిన కసావా, పచ్చి అరటి కలిసి జిగురు ముద్ద అయ్యేదాకా ఆ తాళం ఆగదు. కొత్తలో నేను ఆ చెయ్యి నలుగుతుందేమోనని చూడలేకపోయేదాన్ని. ఆ ఇద్దరి లయ చూడటం కోసమే పది నిమిషాలు ముందు వెళ్ళమంటాను.

చాప్ బార్ అంటే మన పూటకూళ్ళ ఇల్లు. బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, వెనక వంటగది. ముందు పులుసు ఏది కావాలో తేల్చుకోండి. లైట్ సూప్ అంటే టమాటా, మిరపకాయలతో పల్చటి చారు. తాటి జాతి ఆయిల్ పామ్ కాయల గుజ్జుతో చేసేది అబెంక్వాన్, చిక్కగా, ఎర్రగా ఉంటుంది. వేరుశనగ ముద్దతో చేసేది న్కటెంక్వాన్. మనవాళ్ళు మొదట వేరుశనగదే అడగాలని నా సలహా, పల్లీ పచ్చడి తిన్న నాలుక దాన్ని వెంటనే ఒప్పుకుంటుంది. పామ్ పులుసు రెండోవారం మొదలుపెట్టండి. ఆ నూనె అలవాటు లేని కడుపుకి కొంచెం బరువు.

బల్ల మీదికి గిన్నెలో నీళ్ళు, సబ్బు వస్తాయి. చేతులు కడుక్కోండి. ఫుఫు ముద్ద పులుసులో మునిగి ఉంటుంది. కుడిచేతి వేళ్ళతో అంచునుంచి చిన్న తునక లాగి, పులుసులో ముంచి, మధ్యలో బొటనవేలితో చిన్న గుంట చేసి పులుసు నింపుకుని నోట్లో పెట్టుకుని మింగండి. నమలకూడదు. రాయలసీమలో సంగటి ముద్ద మింగేవాళ్ళకి ఇది చెప్పాల్సిన పనే లేదు. మిగతావాళ్ళు ముద్ద చిన్నదిగా తీసుకుంటే గొంతు పట్టదు.

తింటున్నప్పుడు తెలిసినవాళ్ళు ఎవరైనా పక్కనుంచి వెళితే "యు ఆర్ ఇన్వైటెడ్" అనండి. "రండి, భోంచేద్దాం" అనే మన మాటే ఇది. మీకు ఎవరైనా అంటే "మెదాసే" అని నవ్వి సాగిపోవచ్చు. నిజంగానే ఆకలిగా ఉండి కూర్చుంటే కాదనరు, చేయి కడుక్కోవడానికి నీళ్ళు జరుపుతారు.

ఇంటికి ఫోన్ చేయడానికి ఇదే మంచి వేళ. మన సమయం ఐదున్నర గంటలు ముందు. ఇక్కడ రెండు అయితే అక్కడ రాత్రి ఏడున్నర. సాయంత్రం పని ముగిశాక చేద్దామనుకుంటే అమ్మని నిద్రలేపినట్టే.

నాలుగు దాటాక: ఒడ్డు, చేపలు, కెంకే

తెడ్ల పడవలు, మోటారు పడవలు వచ్చే ఒడ్డు కేప్ కోస్ట్ కోట గోడల పక్కనే. రంగులేసిన పొడుగాటి దోనెల మీద ప్రార్థనలు, సామెతలు రాసి ఉంటాయి, జెండాలు ఎగురుతాయి. ఆ తెల్లటి కోట నేలమాళిగల్లోనే వేలాదిమంది ఆఫ్రికన్లని బంధించి, ఓడలెక్కించి బానిసలుగా అమ్మారు. 1979 నుంచి అది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో ఉంది. దాన్ని చూడటానికి ఒక పూట వేరుగా పెట్టుకోండి. తినడానికి వెళుతూ దారిలో చూసి వచ్చే చోటు కాదది. ఒడ్డున వలలు లాగేవాళ్ళని అడగకుండా ఫోటో తీయొద్దు.

మంగళవారం చేపల కోసం వెళ్ళకండి. ఆ రోజు సముద్రానికి సెలవు, పడవలు వేటకి వెళ్ళవు. వలలు బాగుచేసుకుంటారు, తగవులు తీర్చుకుంటారు. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఇక్కడి సముద్రంలో చల్లటి నీరు పైకి వస్తుంది, కవళ్ళలాంటి చిన్న చేపలు విరివిగా పడతాయి. అప్పుడు ఒడ్డంతా పొగే, ఆడవాళ్ళు మట్టి పొయ్యిల మీద జల్లెడలు పేర్చి చేపలకి పొగ పెడుతుంటారు.

వేయించిన చేపతో తినాల్సింది కెంకే. మొక్కజొన్నలు నానబెట్టి, మర పట్టి, ఆ పిండిని రెండు మూడు రోజులు పులియబెడతారు. సగం పిండి ఉడికించి, మిగతా పచ్చిపిండితో కలిపి, ముద్దలు చుట్టి మళ్ళీ ఉడికిస్తారు. అక్రాలో "గా" అనే తెగవాళ్ళు దాన్ని మొక్కజొన్న పొత్తి ఆకుల్లో చుడితే, ఇక్కడి ఫాంటేలు ఎండిన అరటి ఆకుల్లో పొరలు పొరలుగా చుట్టి తాడు కడతారు. దీంట్లో ఉప్పు వేయరు. కాబట్టి పక్కన కారం ఉండాలి.

ఆ కారం అసంకాలో నూరుతారు. అసంకా అంటే లోపల గీతలున్న మట్టి పళ్ళెం, చేతిలో నడుము సన్నటి కర్ర పొత్రం. మిరపకాయ, ఉల్లిపాయ, టమాటా, ఉప్పు. అప్పటికప్పుడు మీ ముందే నూరతారు. రోటి పచ్చడి రుచి అంటే ఏమిటో తెలిసిన మనిషి ఆ పళ్ళెం ముందు కొత్తవాడిలా కూర్చోడు. కెంకే ఆకు విప్పి, తునక తుంచి, కారంలో అద్ది, చేప ముక్కతో తినండి. రెండో కెంకే అడుగుతారని నా నమ్మకం. పామ్ నూనెలో తాజా చేపతో చేసే ఫాంటే-ఫాంటే కూర ఎక్కడైనా కనిపిస్తే వదలొద్దు.

మాంసం, చేప తిననివాళ్ళు ఇది జాగ్రత్తగా చదవాలి

ఇక్కడ "నో మీట్" అంటే చేప వేసి ఇస్తారు. వాళ్ళ తప్పు కాదు, ఆ మాటలో చేప లెక్కకి రాదు. "నో మీట్, నో ఫిష్, నో ష్రింప్" అని మూడూ చెప్పండి. చెప్పినా షిటోలో ఎండు చేప, రొయ్యపొడి ఉంటాయి. గ్రేవీల్లో మొమొనే అనే ఊరవేసిన చేప, మాంసం రుచి బిళ్ళలు ఉండే అవకాశం ఎక్కువ. కొంతొమిరే కూర ఆకుకూరలాగే కనిపిస్తుంది కానీ అందులో చేప లేకుండా చేయడం అరుదు. రెడ్ రెడ్ అని అలసందల కూరతో వేయించిన అరటిపండు ఇస్తారు, అందులోనూ పొగచేప ఉందా అని అడిగి తీరాలి.

నిశ్చింతగా తినగలిగేవి ఉన్నాయి. కోకో, కోసే. ఉడికించిన యామ్. ఉట్టి కెంకేకి మీ సొంత కందిపొడి, నూనె. బొగ్గుల మీద కాల్చిన అరటిపండు, వేరుశనగలు, దీన్ని ముద్దుగా "కోఫీ బ్రోక్‌మన్" అంటారు, చేతిలో డబ్బు లేని కోఫీ తిండి అని. నేను చేతిలో డబ్బున్న రోజున కూడా అదే కొంటాను. గోబే అంటే ఉడికించిన అలసందలు, గారీ, ఎర్ర పామ్ నూనె. పైన గ్రేవీ వద్దంటే సరిపోతుంది. మా బంధువు ఒకరు పూర్తి శాకాహారి. రెండేళ్ళు ఇవే తిని, ఆరోగ్యంగా తిరిగి వెళ్ళారు.

దీపాలు పెట్టాక

సాయంత్రం మాజో చెప్పే వేళకి బల్లల మీద చిన్న దీపాలు వెలుగుతాయి. కెలెవెలే వాసన అల్లంతోనే దూరంనుంచి పట్టేస్తుంది. బాగా పండిన అరటిపండుని ముక్కలు కోసి, అల్లం, మిరపకాయ, ఉప్పు పట్టించి వేయిస్తారు. తీపి, కారం, ఘాటు ఒకేసారి. వేరుశనగలతో కలిపి కాగితంలో పొట్లం కడతారు. పుల్లలకి గుచ్చి కాల్చిన మాంసం చిచింగా, పల్లీపొడి, అల్లం, మిరపపొడి అద్ది ఉంటుంది. మీ ముందే మళ్ళీ నిప్పుల మీద పెట్టించుకుని తినండి.

రాత్రి ఇంటికి వెళ్ళడానికి షేర్ టాక్సీ ఎక్కండి. టాక్సీవాడు "డ్రాపింగ్?" అంటే బండి మొత్తం మీ ఒక్కరికే మాట్లాడుకుంటున్నారా అని అర్థం, కాదనండి. దూరం వెళ్ళే ట్రోట్రో వ్యాన్ అయితే నిండేదాకా కదలదు. డబ్బు "మేట్" అనే కుర్రాడికి ఇవ్వాలి. దిగాలంటే ముందే గట్టిగా చెప్పాలి.

నెల గడిచాక మీ పేరు అడుగుతారు. మీరు పుట్టిన వారం తెలుసుకుని సిద్ధంగా ఉండండి. ఇక్కడ ప్రతి మనిషికీ వారం పేరు ఒకటి ఉంటుంది. ఫాంటేలో ఆదివారం పుట్టిన మగవాడు క్వేసీ, ఆడపిల్ల ఎసీ. సోమవారం కోజో, అజువా. మంగళవారం కోబినా, అరాబా. బుధవారం క్వేకు, ఎకువా. గురువారం ఎకో, ఆబా. శుక్రవారం కోఫీ, ఎఫువా. శనివారం క్వామెనా, ఆమా. ఐక్యరాజ్యసమితికి నాయకత్వం వహించిన కోఫీ అన్నన్ శుక్రవారం పుట్టాడు. 1876లో మొదలైన ఈ ఊరి మ్ఫాంట్సిపిమ్ స్కూల్లోనే చదువుకున్నాడు. నేను ఆదివారం పుట్టానని చెప్పిన మర్నాటి నుంచి కోకో ఆవిడ నన్ను ఎసీ అనే పిలిచింది. "ఎసీ, ఇవాళ ఆలస్యమైందేం?" అని ఒకరు అడగడం పరాయి ఊళ్ళో ఎంత పెద్ద విషయమో వచ్చాక మీకే తెలుస్తుంది.

ఆదివారం, ప్రయాణం

ఆదివారం పొద్దున వీధులు ఖాళీ. అందరూ చర్చికి వెళతారు, చాలా గిన్నెలు ఆ పూట పొయ్యెక్కవు. శనివారం సాయంత్రమే రొట్టె, అరటిపండ్లు, నాలుగు కెంకేలు తెచ్చి పెట్టుకోండి. జోంగో వైపు మాత్రం పొద్దున జావ దొరుకుతుంది.

అక్రాకి గానీ, ఇంకా లోపలి ఊళ్ళకి గానీ బస్సెక్కే రోజున ఫాంటే కెంకేనే కొనండి. ఆకు పొరలు గట్టిగా ఉన్నవి, తాడు వదులు కానివి ఏరుకోండి. అది రోజుల తరబడి పాడవదు. వేడి సంచిలో కుక్కకుండా గాలి తగిలేలా గుడ్డలో చుట్టి పైన పెట్టండి. కారం వేరే డబ్బాలో. ఆకలయ్యాక ఆకు విప్పి, పక్క సీటువాళ్ళ వంక చూసి, ముందు "యు ఆర్ ఇన్వైటెడ్" అనండి.